బర్గండీలో ఒకే ఇంటిపేరు అన్ని గేట్ల మీద ఎందుకుంటుంది? తరతరాల వైన్ కుటుంబాలు ఎలా నిలబడతాయి?

ఫ్రాన్స్‌లో వైన్‌కి పేరుపడ్డ బర్గండీ ప్రాంతంలో, షసాన్య్-మోన్రాషె అనే ఊళ్ళో నడుస్తుంటే ఒకే ఇంటిపేరు నాలుగైదు గేట్ల మీద కనిపించిందని మీరు రాశారు. వాళ్ళంతా ఒక్క కుటుంబమేనా, అయితే కలిసి ఎందుకు చేసుకోరు, ఇన్ని ముక్కలవుతూ కూడా ఇన్ని తరాలు ఎలా నిలబడ్డారు అని అడిగారు. ఒకే తోట పేరున్న సీసాలు పదిమంది అమ్ముతుంటే ఏది తీసుకోవాలో ఎలా తెలుస్తుందనీ అడిగారు. నేను చాలాకాలంగా బోన్ పట్టణంలో ఉంటున్నాను. రైతుల నేలమాళిగల్లో పీపాల్లో ఉన్న వైన్ రుచి చూసి, దాన్ని కొనే పెద్ద వ్యాపారులకూ వాళ్ళకూ మధ్య బేరం కుదిర్చే పని నాది. బర్గండీలో ఇది పాత వృత్తి. ఈ పనిలో వైన్ గురించి ఎంత వింటానో, అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ వాటాల గురించీ అంతే వింటాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. తరతరాల వైనరీ అనగానే అందరూ ఇంట్లో ఉండిపోయినవాళ్ళ వైపే చూస్తారు. తాత, తండ్రి, కొడుకు, గోడ మీద ఫోటోలు. కానీ నేను చూసినంతలో వైనరీ ఉంటుందో పోతుందో తేల్చేది వెళ్ళిపోయినవాళ్ళు. పారిస్‌లో ఉద్యోగం చేసే అక్క వాటా ఏమైంది? తోట పనంటే ఇష్టంలేని తమ్ముడికి ఏం ముట్టింది? ఈ ప్రశ్నకి ఏ తరంలో ఎవరు ఎలా జవాబు చెప్పుకున్నారో తెలిస్తే, ఆ కుటుంబం ఇంకా ఎందుకుందో, లేదా ఎందుకు లేదో తెలిసిపోతుంది.

ఫ్రాన్స్‌లో ఈ ప్రశ్నని ఎవరూ తప్పించుకోలేరు. విప్లవం తర్వాత, 1804 నాటి సివిల్ కోడ్‌తో, పిల్లలందరికీ సమాన వాటా అన్నది ఖాయమైపోయింది. ఆడపిల్లలకి కూడా. పెద్దకొడుక్కే అంతా రాసేస్తానని తండ్రి వీలునామా రాసినా చెల్లదు. ఒక్క సంతానమైతే ఆస్తిలో సగం, ఇద్దరైతే మూడింట రెండు వంతులు, ముగ్గురూ ఆపైన ఉంటే నాలుగింట మూడు వంతులు పిల్లలకు చేరాల్సిందే. మిగిలిన భాగం మీదే తల్లిదండ్రుల ఇష్టం నడుస్తుంది. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అప్పటికి పెళ్ళికాని ఆడపిల్లలకు పిత్రార్జితంలో కొడుకులతో సమాన హక్కు ఇచ్చిన సవరణ 1985 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. అంతకుముందు పసుపు కుంకుమ కింద ఓ ఎకరం రాసిచ్చి పంపేవాళ్ళు. ఇక్కడ ఆ మార్పు రెండు వందల ఏళ్ళ కిందటే జరిగింది కాబట్టి దాని ఫలితం ఏడెనిమిది తరాల మేర నేల మీద కంటికి కనిపిస్తుంది.

ఎలా కనిపిస్తుందంటే, మన పల్లెల్లో పొలం పంచుకునేటప్పుడు ఒకరికి మెరక, ఒకరికి పల్లం అంటే ఎవరూ ఒప్పుకోరు. ప్రతి చెక్కలోనూ అందరికీ భాగం పెట్టాల్సిందే. బర్గండీలోనూ అదే జరిగింది. కొండవాలు మీద పది అడుగులు పైకి జరిగితే మట్టి మారుతుంది, వైన్ ధర మారుతుంది. మోన్రాషె అనే పేరుమోసిన తోటలో ఉన్న ముక్క నీకు, కింద రోడ్డు పక్కన ఉన్న ముక్క చెల్లికి అంటే అది సమాన వాటా కాదు. కాబట్టి ప్రతి మంచి తోటనీ సాళ్ళ లెక్కన చీల్చుకున్నారు. అలా రెండు మూడు తరాలు గడిచేసరికి ఒక్కో రైతు చేతిలో పది పన్నెండు తోటల్లో తలా కొన్ని సాళ్ళు మిగిలాయి.

ఇక్కడి రైతులు ఇప్పటికీ హెక్టార్లలో కాదు, ఊవ్రేల్లో మాట్లాడతారు. ఒక మనిషి ఒక రోజులో పని చేయగలిగిన తోట ఒక ఊవ్రే. 428 చదరపు మీటర్లు, అంటే మన లెక్కలో పదిన్నర సెంట్లు. తీగకీ తీగకీ మధ్య ఒక మీటరు, సాలుకీ సాలుకీ మధ్య ఒక మీటరు వదిలి నాటతారు కాబట్టి హెక్టారుకి సుమారు 10,000 తీగలు, ఒక ఊవ్రేలో నాలుగు వందల పైచిలుకు. గ్రాన్ క్రూ అనే అత్యున్నత శ్రేణి ఎర్ర వైన్ తోటల్లో దిగుబడి హెక్టారుకి 35 హెక్టోలీటర్ల దగ్గర్లో ఉంటుంది. అంటే ఒక తీగకి మూడో వంతు లీటరు కన్నా కాస్త ఎక్కువ. ఒక సీసా నిండాలంటే రెండు తీగలు కావాలి.

ఇప్పుడు ఒక ఊవ్రే మాత్రమే వాటాగా వచ్చిన మనిషి సంగతి ఆలోచించండి. ఆ పంటతో 150 లీటర్ల వైన్ వస్తుంది. బర్గండీ పీపా 228 లీటర్లది. అది నిండదు. పీపాలో ఖాళీ ఉంటే గాలి చేరి వైన్ పాడవుతుంది, కాబట్టి ఫ్యూయెట్ అనే 114 లీటర్ల చిన్న పీపా వాడాలి. మిగిలిన ముప్పై ఆరు లీటర్లు గాజు జాడీల్లో పెట్టుకుని, చెక్క గుండా ఆవిరైపోయిన మేరకి కొన్ని వారాలకోసారి చిన్న పీపాలో పోసి నింపుతూ ఉండాలి. చిన్న పీపాలో వైన్‌కి చెక్క ఎక్కువ తగులుతుంది, కొత్త చెక్కయితే ద్రాక్ష రుచినే మింగేస్తుంది, కాబట్టి పాత పీపాయే వెతుక్కోవాలి. పులియబెట్టడం కూడా అంతే. చిన్న తొట్టిలో కొద్ది ద్రాక్ష వేస్తే వేడి నిలవదు, పులియడం మొదలవడానికే రోజులు పడుతుంది. ఇంత శ్రమా రెండు వందల సీసాల కోసం. నేను వెళ్ళే నేలమాళిగల్లో గోడ వారగా ఇలాంటి చిన్న పీపా ఒకటీ అరా తరచూ కనిపిస్తుంది. సుద్దముక్కతో తోట పేరు రాసి ఉంటుంది. అది ఎవరో ముత్తవ్వ వాటా.

తోటలు ఇలా ముక్కలవడానికి అందరూ చెప్పే ఉదాహరణ క్లో ద వూజో. సీతో మఠం సన్యాసులు 12వ శతాబ్దం నుంచి కూడబెట్టి చుట్టూ గోడ కట్టిన తోట అది, 50 హెక్టార్లు. విప్లవ ప్రభుత్వం చర్చి ఆస్తులన్నీ స్వాధీనం చేసుకుని 1791లో వేలం వేసింది. తర్వాత దాదాపు వంద ఏళ్ళు చేతులు మారినా ఒక్క తోటగానే ఉంది. 1889లో ముక్కలుగా అమ్మాక వారసత్వాలు, అమ్మకాలు కలిసి ఇప్పుడు సుమారు 80 మంది యజమానుల దగ్గరికి చేరింది. గోడ ఒక్కటే, పేరు ఒక్కటే, వైన్‌లు ఎనభై రకాలు. పై భాగం నేల రాయి తేలి నీరు నిలవదు, కింది భాగంలో బంకమన్ను, రోడ్డు పక్కన తడి. మీ చివరి ప్రశ్న మొదలయ్యేది ఇక్కడే, దాని దగ్గరికి మళ్ళీ వస్తాను.

ఇక మీరు చూసిన ఇంటిపేర్ల సంగతి. ఇక్కడ భార్యాభర్తల ఇద్దరి ఇంటిపేర్లూ కలిపి వైనరీకి పెట్టుకోవడం ఆనవాయితీ. తోట ఇద్దరి నుంచీ వచ్చింది కాబట్టి. షసాన్య్‌లో గాన్యార్ కుటుంబం చూడండి. గాన్యార్-డెలగ్రాంజ్ అనేది ఒక పెళ్ళితో పుట్టిన పేరు. ఆ ఇంటి కూతుళ్ళలో ఒకరు బ్లెయిన్ ఇంటిపేరున్న అతన్ని, ఇంకొకరు ఫోంటేన్ ఇంటిపేరున్న అతన్ని పెళ్ళి చేసుకున్నారు. బ్లెయిన్-గాన్యార్, ఫోంటేన్-గాన్యార్ అలా వచ్చినవే. వీళ్ళు కాక జాన్-నొయెల్ గాన్యార్ అని బంధువుల శాఖ వేరే ఉంది. ఇలా విడిపోవడానికి కోపాలే ఉండక్కర్లేదు. చట్టం ప్రకారం వాటాలు తీసుకుని, ఎవరి నేలమాళిగ వాళ్ళు కట్టుకుని, ఎవరికి నచ్చినట్టు వాళ్ళు వైన్ చేసుకుంటున్నారు. ఆ పేర్లు వరసగా చదివితే ఊరి పెళ్ళిళ్ళ చరిత్ర తెలుస్తుంది. మగపిల్లల పేర్లతోనే వంశవృక్షం రాసుకునే మనకి ఇది కాస్త కొత్తగా ఉంటుంది, నాకు మాత్రం చాలా గౌరవంగా అనిపిస్తుంది. తోట తెచ్చిన కూతురి పేరు గేటు మీద నిలిచిపోయింది.

మరి ఇలా పంచుకుంటూ పోతే చివరికి తలా మూడు సాళ్ళు మిగిలి అందరూ చితికిపోవాలి కదా? నిజంగా చితికిపోయినవాళ్ళు చాలామంది ఉన్నారు. నిలబడినవాళ్ళు మాత్రం చట్టంలోనే ఉన్న కొన్ని దారులు పట్టుకున్నారు.

మొదటిది కౌలు. యాజమాన్యం ముక్కలైనా సాగు ముక్కలవ్వకుండా చూసుకోవడం. తోటలో ఉండిపోయిన తమ్ముడికి అక్క తన సాళ్ళని 18 ఏళ్ళకో 25 ఏళ్ళకో కౌలుకి ఇస్తుంది. లేదా పంటలో పాలు తీసుకునే పద్ధతి, మూడో వంతో సగమో. నేల ఆమెదే, తీగలు కత్తిరించేదీ ట్రాక్టరు తోలేదీ ఇతను. ఇలా బంధువుల సాళ్ళన్నీ ఒకే చేతి కింద ఉంటే కుటుంబం తోట కాగితాల మీద ముక్కలుగా, నేల మీద ఒక్కటిగా ఉంటుంది. రెండోది, భూమిని ఒక కుటుంబ సంస్థ పేరున పెట్టి అందరూ వాటాపత్రాలు పంచుకోవడం. దీన్ని ఇక్కడ జే-ఎఫ్-ఆ అంటారు. తండ్రి పోయినప్పుడు పంచేది కాగితాలు, సాళ్ళు కావు.

బయటి ఊళ్ళవాళ్ళకి అంతగా తెలియనిదీ, నా దృష్టిలో అన్నిటికన్నా న్యాయమైనదీ ఇంకొకటి ఉంది. తల్లిదండ్రుల తోటలో జీతం లేకుండా ఏళ్ళ తరబడి పనిచేసిన బిడ్డకి, వాళ్ళు పోయాక పంపకాలకి ముందే ఆ జీతం లెక్కగట్టి ఇవ్వాలి. గరిష్ఠంగా పదేళ్ళ పనికి ఇది వర్తిస్తుంది. 1939 నుంచి ఉంది. పొలంలో ఉండిపోయినవాడు చదువుకి వెళ్ళినవాడి కన్నా నష్టపోకూడదని పెట్టిన నియమం. మన ఊళ్ళలో "నువ్వు ఊళ్ళోనే ఉన్నావు, పొలం తిన్నావు" అని చదువుకున్న అన్నలు అనడం, "నేనే లేకపోతే పొలం బీడు పడేది" అని తమ్ముడు అనడం ఎన్ని పెద్దమనుషుల పంచాయితీల్లో వినలేదు! ఆ తగువుకి ఇక్కడ లెక్క కట్టే పద్ధతి ఉంది. అలాగే, సాగు చేస్తున్న వారసుడు వైనరీ మొత్తం తనకే కేటాయించమని అడిగే హక్కు కూడా ఉంది. తన వాటా కన్నా ఎక్కువ వచ్చిన దానికి మిగిలినవాళ్ళకి డబ్బు చెల్లించాలి.

తెలివైన తల్లిదండ్రులు అంతదాకా రానివ్వరు. బతికుండగానే నోటరీ ముందు పిల్లలందరినీ కూర్చోబెట్టి పంచేస్తారు. ఆ రోజు విలువలే ఖాయం, పదేళ్ళ తర్వాత తోట ధర పెరిగిందని మళ్ళీ తిరగదోడడానికి లేదు. జీవితకాల అనుభవ హక్కు తమ దగ్గర ఉంచుకుని, యాజమాన్యం మాత్రం పిల్లలకి రాస్తారు. నేను వైన్ కొనే ఒక ఇంట్లో ఇది దగ్గర్నుంచి చూశాను. అన్న తోటలో ఉన్నాడు. చెల్లెలు లియోన్‌లో టీచరు. ఆమెకి తండ్రి ఊళ్ళో ఇల్లు, కొన్ని సాళ్ళ యాజమాన్యం ఇచ్చాడు, ఆ సాళ్ళు అన్న దగ్గరే దీర్ఘకాలపు కౌలులో ఉన్నాయి. కౌలులో కొంత డబ్బుగా, కొంత సీసాలుగా ఇస్తాడు. ప్రతి ఏడూ కోతలకి ఆమె సెలవు పెట్టుకుని పిల్లల్ని తీసుకుని వస్తుంది, కోతవాళ్ళందరికీ మధ్యాహ్నం వంట ఆమెదే. వైనరీ నడుస్తున్నది అన్న వల్లే కానీ, నిలబడింది ఆ చెల్లెలి వల్ల. ఆమె తన సాళ్ళు బయటివాళ్ళకి అమ్ముకుని ఉంటే వచ్చే డబ్బు టీచరు జీతంతో జీవితకాలంలో కూడబెట్టేది కాదు.

బర్గండీ బయటికి వెళ్తే ఈ సంగతి ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో అంటినోరీ కుటుంబం 1385 నుంచి వైన్ పనిలో ఉంది. జొవాన్నీ ది పియెరో అంటినోరీ ఆ ఏడు నగరంలోని వైన్ వర్తకుల సంఘంలో చేరాడు. 26 తరాలు అని వాళ్ళు చెప్పుకుంటారు. టూరిస్టులకి చెప్పే కథ అక్కడితో ఆగుతుంది. నాకు ముఖ్యమనిపించేది 1980ల నాటి సంగతి. పియెరో అంటినోరీ తోబుట్టువులు తమ వాటాలు అమ్ముకుని వేరే దారి చూసుకోవాలనుకున్నారు. వాళ్ళకి చెల్లించేంత డబ్బు ఆయన దగ్గర లేదు. విట్‌బ్రెడ్ అనే ఇంగ్లండ్ బీరు కంపెనీని వాటాదారుగా తెచ్చుకుని, ఆ డబ్బుతో తోబుట్టువుల వాటాలు తీర్చాడు. కొన్నాళ్ళకి, 1991లో, ఆ కంపెనీ వాటాని తిరిగి కొనేశాడు. అంటే ఆరు వందల ఏళ్ళ వైనరీ కొన్నేళ్ళపాటు సగం వేరేవాళ్ళ చేతిలో ఉండి తిరిగి వచ్చింది. అదే మనిషి 1971 నాటి తిన్యనెల్లో వైన్‌తో ఆ టస్కనీ ప్రాంతపు వైన్‌నే మార్చేసినవాడు. సాంజొవేజే ద్రాక్షని చిన్న ఓక్ పీపాల్లో పెట్టి, అక్కడి కియాంతి వైన్‌కి అప్పట్లో ఉన్న నియమాలని పక్కనపెట్టి చేసిన వైన్ అది. వైన్ చరిత్ర రాసేవాళ్ళు తిన్యనెల్లో గురించి పేజీలు రాస్తారు. నన్నడిగితే 1991 నాటి ఆ కొనుగోలు దానికేమీ తీసిపోదు.

ఆయనకి ముగ్గురూ ఆడపిల్లలే. అల్బియేరా, అల్లెగ్రా, అలెస్సియా. ఇప్పుడు సంస్థకి అధ్యక్షురాలు పెద్దమ్మాయి. వైనరీని 90 ఏళ్ళపాటు అమ్మడానికి వీల్లేకుండా కుటుంబ ట్రస్టులో పెట్టారు. తన తోబుట్టువులతో తాను పడిన ఇబ్బంది మనవల కాలంలో మళ్ళీ రాకూడదని చేసిన పని అనిపిస్తుంది నాకు.

అదే సమస్యకి జవాబు దొరకనప్పుడు ఏమవుతుందో ఫ్రాన్స్‌లోనే, బోర్డో దగ్గర తీపి వైన్ చేసే సోటెర్న్‌లో చూడొచ్చు. షాతో దికెమ్ అనే వైనరీ 1785లో జరిగిన ఒక పెళ్ళితో లూర్-సాల్యూస్ కుటుంబానికి వచ్చింది. రెండు శతాబ్దాలు దాటాక వాటాలు చాలామంది బంధువుల మధ్య ఉన్నాయి. తోటని 1968 నుంచి నడిపిన అలెగ్జాండర్ ద లూర్-సాల్యూస్ చేతిలో ఉన్నది చాలా చిన్న వాటా. లాభాలు పెద్దగా పంచేవాళ్ళు కాదు. పంట బాగాలేని ఏడు దికెమ్ పేరుతో వైన్ విడుదలే చేయకపోవడం అక్కడి సంప్రదాయం, 1972, 1974, 1992 సంవత్సరాల వైన్ లేదు. ఆ పట్టుదల వల్లే ఆ పేరు నిలబడింది. కానీ ఆ పట్టుదల ఖర్చు భరించింది, తోట ముఖం కూడా చూడని బంధువులు. 1996లో వాళ్ళు, అందులో ఆయన సొంత అన్న కూడా, ఎల్‌వీఎంహెచ్ అనే విలాస వస్తువుల సంస్థకి సగానికి పైగా వాటా అమ్మేశారు. ఆయన కోర్టుల్లో పోరాడి 1999లో రాజీకొచ్చాడు, 2004లో తప్పుకున్నాడు. వైన్ ఇప్పటికీ అద్భుతంగానే ఉంది. కుటుంబం లేదు. ఇందులో ఎవరినీ తప్పుపట్టలేను. దశాబ్దాలపాటు ఆస్తి ఉండీ ఆదాయం చూడని మనిషి చివరికి అమ్ముకుంటాడు.

కాలిఫోర్నియాలో మొండావీల కథ మీలో చాలామంది వినే ఉంటారు కాబట్టి క్లుప్తంగా చెప్తాను. తండ్రి సెజారే 1943లో చార్ల్స్ క్రుగ్ వైనరీ కొన్నాడు. 1965లో కొడుకులు రాబర్ట్, పీటర్ కొట్టుకున్నారు. రాబర్ట్ బయటికొచ్చి 1966లో ఓక్‌విల్‌లో సొంత వైనరీ పెట్టి నాపా లోయకే పేరు తెచ్చాడు. కంపెనీని పెంచడానికి 1993లో షేర్ మార్కెట్‌కి వెళ్ళాడు. 2004లో కాన్‌స్టలేషన్ సంస్థ దాన్ని కొనేసింది. ఇంట్లో ఉండిపోయిన పీటర్ వైపు క్రుగ్ వైనరీ మాత్రం ఇప్పటికీ ఆ కుటుంబానిదే.

భూమిని సంస్థ పేరున పెట్టడం ఎంత గట్టిదో చెప్పాలంటే రొమనే-కోంతి చాలు. 1869లో ద్యువో-బ్లోషే అనే వ్యాపారి కొన్న 1.81 హెక్టార్ల తోట అది. మన లెక్కలో నాలుగున్నర ఎకరాలు. 1942లో సగం వాటా అన్రీ లరువా కొన్నప్పుడు తోటలన్నీ ఒక సంస్థ కిందికి వచ్చాయి, అప్పటి నుంచి విలెన్, లరువా కుటుంబాలది చెరి సగం. 1992లో రెండు కుటుంబాల మధ్య గొడవ ముదిరి అన్రీ కూతురు లాలూ బీజ్-లరువాని నిర్వాహక బాధ్యత నుంచి తప్పించారు. అంత పెద్ద తగువులోనూ ఆ తోటలో ఒక్క సాలు కూడా చీలలేదు. అదే తోటలో 1945లో, ఫిలాక్సెరా పురుగుతో నీరసించిపోయిన పాత తీగలన్నీ పీకేసి, ఆ తర్వాత మళ్ళీ నాటారు. 1946 నుంచి 1951 దాకా రొమనే-కోంతి వైనే లేదు, మళ్ళీ వచ్చింది 1952లో. ప్రపంచంలో అంత విలువైన తోటని ఆరేళ్ళు వైన్ లేకుండా ఉంచడానికి ఇద్దరు వాటాదారులూ ఒప్పుకోవాలి. వైనరీని కుటుంబం నడుపుతోందంటే నాకు అర్థమయ్యేది ఇదే.

తీగ వయసుకీ మనిషి వయసుకీ ఉన్న తేడా కూడా ఇక్కడ చెప్పాలి. నాటాక మూడో ఏడు వచ్చేదాకా ఆ ద్రాక్షతో ఊరి పేరున్న వైన్ చేయకూడదు. ఇరవై ఏళ్ళ దాకా తీగ ఆవేశంగా కాస్తుంది, లోతు ఉండదు. యాభై దాటాక కాపు తగ్గి, పండు చిన్నదై, రుచి చిక్కబడుతుంది. ముప్పై ఏళ్ళ వయసులో నాటినవాడికి అది మంచి వైన్ ఇచ్చేది ముసలితనంలో. జనవరి నుంచి మార్చి దాకా సాళ్ళలో నడిస్తే కత్తిరింపులు చూడొచ్చు. గుయో పద్ధతిలో ప్రతి తీగకీ ఆరు నుంచి ఎనిమిది మొగ్గలున్న ఒక పొడుగు కొమ్మ, దాని పక్కన వచ్చే ఏటి కోసం రెండు మొగ్గల మోటు వదులుతారు. ఆ మోటు ఏ వైపు వదిలామన్నదే అసలు పని. తొందరపడి మొదలు మీద పెద్ద గాటు పెడితే లోపల చెక్క ఎండి, రసం పారే దారి తెగి, పదిహేనేళ్ళ తర్వాత ఎండాకాలంలో ఒక్క వారంలో తీగ ఆకులు మాడి చచ్చిపోతుంది. ఎస్కా అంటారు ఆ తెగులుని. ముసలి తీగ మొదలు చూసి, ఈ గాయం నాన్నది, ఇది కూలివాడిది, ఇది తాత చేతి కత్తిరింపు అని చెప్పగలిగే రైతుల్ని చూశాను. చచ్చిన తీగ చోట కొత్తది నాటేటప్పుడు నర్సరీలో కొన్న ఒకే రకం మొక్క కాకుండా, సొంత తోటలో బాగా కాసే ముసలి తీగల కొమ్మలు ఎంచి అంటు కట్టిస్తారు. నిజంగా ఒక తరం చేతి నుంచి ఇంకో తరానికి అందేది ఈ ఎంపిక.

ఇంకో సంగతి, పదిహేను తరాలు అని బోర్డు మీద చూసినప్పుడు గుర్తుంచుకోండి. వాళ్ళు అన్ని తరాలుగా ద్రాక్ష పండిస్తూ ఉండొచ్చు, సొంత పేరుతో సీసాలు నింపుతున్నది మాత్రం మూడు నాలుగు తరాలుగానే. అంతకుముందు వైన్‌ని పీపాలతో సహా బోన్ వ్యాపారులకి అమ్మేసేవాళ్ళు. 1920, 30లలో ధరలు పడిపోయి, కల్తీ పెరిగి, వ్యాపారుల మీద నమ్మకం పోయినప్పుడు వోల్నేలో మార్కి దాంజెర్విల్, న్యూయి-సాన్-జోర్జ్‌లో అన్రీ గూజ్, జెవ్రేలో ఆర్మాన్ రూసో లాంటివాళ్ళు సొంతంగా సీసాల్లో నింపి అమ్మడం మొదలుపెట్టారు. మిగిలినవాళ్ళు వాళ్ళ వెనక నడిచారు.

ఇక ఇప్పటి పరిస్థితి. నాకు దిగులు కలిగించేది ఇదే. గ్రాన్ క్రూ తోట హెక్టారు సగటు ధర 70 లక్షల యూరోలు దాటిపోయింది. పిల్లలకి తల్లి నుంచీ తండ్రి నుంచీ విడివిడిగా లక్ష యూరోల దాకా పన్ను మినహాయింపు, ఆపైన విలువ పెరిగేకొద్దీ వారసత్వ పన్ను 45 శాతం దాకా వెళ్తుంది. వైనరీ సంస్థ వాటాల మీద, దీర్ఘకాలపు కౌలులో ఉన్న తోటల మీద 75 శాతం విలువకి మినహాయింపు ఇచ్చే నియమాలు ఉన్నాయి, కానీ షరతులున్నాయి, ముందే సిద్ధపడాలి. హఠాత్తుగా పెద్దాయన పోతే సీసాలు అమ్మిన లాభంతో ఆ పన్ను తీరదు. అన్న ఇంట్లో ఉండి, ముగ్గురు తోబుట్టువులకి ఆ ధరల ప్రకారం వాటా చెల్లించడం అంతకన్నా కష్టం. అందుకే అమ్మకాలు. 1141 నుంచి సన్యాసినుల చేతిలో, 1791 నుంచి మారే-మోంజ్ కుటుంబం చేతిలో, 1932 నుంచి మొమ్మెసాన్ కుటుంబం చేతిలో ఉన్న క్లో ద తార్, ఏడున్నర హెక్టార్లు, 2017లో పినో కుటుంబపు సంస్థకి వెళ్ళింది. క్లో దె లాంబ్రే 2014లో ఎల్‌వీఎంహెచ్‌కి వెళ్ళింది. తరతరాలుగా ఒకే కుటుంబంలో ఉన్న బొనో ద్యు మార్త్రే 2017లో అమెరికా వ్యాపారి స్టాన్ క్రోంకీ చేతికి వచ్చింది. కొన్నవాళ్ళు తోటల్ని బాగానే చూసుకుంటున్నారు, డబ్బు ఖర్చుపెడుతున్నారు. కానీ వాళ్ళు కట్టిన ధరే పక్క సాలు రైతు పిల్లల వారసత్వ లెక్కకి ప్రాతిపదిక అవుతుంది. అమ్మే ఉద్దేశమే లేని కుటుంబం మీద కూడా ఆ భారం పడుతుంది. పంటకి సంబంధం లేని ధర మీద కాకుండా, ఆ నేల ఇచ్చే ఆదాయాన్ని బట్టి వారసత్వ విలువ కట్టాలని ఇక్కడి రైతులు ఎప్పటినుంచో అడుగుతున్నారు. నేను వాళ్ళ పక్షమే.

చివరగా సీసా సంగతి. తోట పేరు చూసి కొనకండి, చేసినవాళ్ళ పేరు చూసి కొనండి. లేబుల్ మీద దొమెన్ అని ఉంటే అది ఆ కుటుంబం స్వయంగా సాగు చేసిన తోటల ద్రాక్షతోనే చేసినది. మేజోన్ అని ఉంటే, లేదా ఊరకే వ్యాపారి పేరుంటే, ద్రాక్షో వైనో కొని చేసి ఉండొచ్చు. అందులోనూ గొప్పవి ఉన్నాయి, అది తక్కువ రకమని కాదు. "మి ఆన్ బుతెయ్ ఓ దొమెన్" అన్న మాట ఉందా చూడండి, వైనరీలోనే సీసాల్లో నింపారని అర్థం. ఒకే ఇంటిపేరుంటే ముందున్న పేరు, జతగా ఉన్న రెండో ఇంటిపేరు తప్పకుండా చదవండి, ఒక అక్షరం తేడాతో వేరే నేలమాళిగ అయిపోతుంది. కొన్నిసార్లు రెండు వేర్వేరు పేర్ల సీసాల్లో ఒకే వైన్ ఉంటుంది. పంటలో పాలు తీసుకునే బంధువు తన వాటాని సొంత లేబుల్‌తో అమ్ముకుంటే అలా జరుగుతుంది. ధర తక్కువ ఉన్నది అలాంటిదైతే అదృష్టమే. క్లో ద వూజో కొంటుంటే, మీ సాళ్ళు గోడ లోపల పైన కోట వైపా, కింద రోడ్డు వైపా అని అడగండి. చేసినవాళ్ళు దాచరు, చాలామంది మ్యాపు తీసి వేలు పెట్టి చూపిస్తారు. వెళ్ళేముందు ఫోన్ చేసి సమయం అడిగి వెళ్ళండి. సెప్టెంబరులో కోతలప్పుడు, నవంబరు మూడో ఆదివారం ఓస్పీస్ ద బోన్ అనే పాత ధర్మాసుపత్రి వైన్‌ల వేలం జరిగే వారంలో ఎవరికీ తీరిక ఉండదు. ఫిబ్రవరి, మార్చి మంచివి. అప్పుడు పీపాలోంచి తీసి రుచి చూపించే ఓపిక వాళ్ళకి ఉంటుంది, సాళ్ళలో కత్తిరింపులు కూడా చూడొచ్చు.